అమాల్ కార్బురేటర్ల పునరుద్ధరణ

పాత బ్రిటిష్ మోటార్‌సైకిళ్ల కార్బురేటర్లను ఫ్యాక్టరీ నాటి భాగాలతో, కొలతలతో బాగుచేసే పనిలో ముఖ్యమైన పేరు అమాల్. ఎమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అనే కార్బురేటర్ తయారీదారులు 1927లో కలిసి ఈ సంస్థగా ఏర్పడ్డారు. బర్మింగ్‌హామ్‌లో తయారైన అమాల్ కార్బురేటర్లు ట్రయంఫ్, బీఎస్‌ఏ, నార్టన్, రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లకు వెళ్లాయి.

తొలి రకాల్లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గది విడిగా ఉండేది. 1955 నాటి మోనోబ్లాక్‌లో అది బాడీలో కలిసిపోయింది. 1967లో వచ్చిన కాన్సెంట్రిక్‌లో అది బాడీ కిందికి, మెయిన్ జెట్ చుట్టూ చేరింది.

ఏ బండికి ఏది అసలైనదో అంకెలే చెబుతాయి. బాడీ మీద 376 లాంటి శ్రేణి సంఖ్య, దాని పక్కన గీత తర్వాత ఆ బండి అమరికను తెలిపే సంఖ్య ఉంటాయి. మెయిన్ జెట్ మీది అంకె నిమిషానికి ఎన్ని సీసీల పెట్రోల్ పారుతుందో సూచిస్తుంది. గాలిని నియంత్రించే స్లైడ్ మీది 3 అంటే ముందువైపు కోత అంగుళంలో పదహారో వంతులు మూడు. 0.106 అంగుళాల నీడిల్ జెట్ సూది రాపిడికి అంగుళంలో వెయ్యో వంతు పెరిగినా మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువవుతుంది. ఆ అరుగుదల కంటికి ఆనదు. అందుకే పాత జెట్ శుభ్రంగా కనిపించినా మార్చడమే మంచిది.

అసలు చిక్కు లోహంలో ఉంది. బాడీ, స్లైడ్ రెండూ జింకు మిశ్రమమే కావడంతో ఒకదాన్నొకటి అరగదీస్తాయి. ఆ సందులోంచి గాలి చొరబడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో నిలవదు. బోల్టులు అతిగా బిగిస్తే కార్బురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే ఫ్లాంజ్ వంగుతుంది. తర్వాతి కాన్సెంట్రిక్‌లలో బాడీలోనే బిగించేసిన, ఐడ్లింగ్‌కు పెట్రోల్ అందించే పైలట్ జెట్ ఎండిన పెట్రోల్‌తో మూసుకుపోతుంది. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కార్బురేటర్ పాడవ్వచ్చు. ద్రావణంలో అల్ట్రాసోనిక్ శుద్ధి చేయడం సురక్షితం.

బ్రిటిష్ బళ్ల పరిశ్రమ కుప్పకూలాక దుకాణాల్లో మిగిలిన పాత నిల్వలే ఆధారమయ్యాయి. కొలతలు సరిపోని నకళ్లూ వచ్చాయి. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీకి చెందిన బర్లెన్ అమాల్ పేరుతోనే తయారీ కొనసాగించడంతో ఈ కొరత చాలావరకు తీరింది. ప్రీమియర్ రకంలో ఆ సంస్థ గట్టి పూత వేసిన అల్యూమినియం స్లైడ్, విప్పదగిన పైలట్ జెట్ పెట్టింది. ప్రదర్శనకు ఉంచే బండికి జింకు స్లైడే న్యాయం. రోజూ నడిపే బండికి అల్యూమినియం స్లైడ్ పెడితే తప్పులేదు. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోల్‌కు తట్టుకునే ఫ్లోట్ అయితే తప్పనిసరి.

మన దేశంలో, మద్రాసులో 1955లో తయారీ మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు మొదట అమాల్‌తోనే వచ్చాయి. తర్వాత మిక్‌కార్బ్ కార్బురేటర్ దాని చోటు తీసుకుంది. 1990ల బుల్లెట్‌కు అమాల్ బిగించడం పునరుద్ధరణ కాదు. దానికి అసలు భాగం మిక్‌కార్బే.