గాజుపెట్టెలో చెరువు

వర్గల్‌లో మా ఇంటి ముందుగదిలో మొక్కల అక్వేరియం పెట్టాలని అనుకున్న రోజు నేను చేసిన మొదటి పని ఎక్సెల్ షీట్ తెరవడం. ఉద్యోగం నేర్పిన అలవాటు. ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయాను: గాజు ట్యాంక్, లైట్, ఫిల్టర్, మట్టి, సీఓటూ సిలిండర్, మొక్కలు, చేపలు. పైన మూడు గడులు: ఎంత, ఎక్కడ, ఎందుకు. మొదటి రెండూ ఒక్క సాయంత్రంలో నిండిపోయాయి. మూడోది నింపడానికి మూడు నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ మూడో గడి గురించి.

మొదలైంది మాత్రం అమ్మ మాటతో. హైదరాబాద్‌లో ఒక దుకాణం నుంచి వాలిస్నేరియా మొక్కలు ఐదు, తడి కాగితంలో చుట్టించి తెచ్చాను. మొక్కకింత అని ధర. అమ్మ కాగితం విప్పి చూసి, "గిది మన చెర్ల నాచే గదరా! దీనికి పైసలు పెట్టి తెచ్చినవా?" అంది.

నేను ఎంపీసీ వాణ్ణి. బైపీసీ చదివిన చెల్లెలికి వాలిస్నేరియా అనగానే నీటి ద్వారా పరాగసంపర్కం పాఠం గుర్తొచ్చింది. ఆడపువ్వు స్ప్రింగులాంటి కాడ మీద నీటిపైకి వస్తుంది, మగపువ్వులు అడుగున తెగి పైకి తేలి వెళ్ళి దాన్ని కలుసుకుంటాయి. పాఠంలో ఉంది, దుకాణంలో ఉంది, ఊరి చెరువులో ఉంది. కానీ ఈ మూడూ ఒకటేనని మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

గాజు

నేను అనుకున్న ట్యాంక్ 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు. సుమారు 70 లీటర్లు. నీళ్ళు, మట్టి, గాజు కలిపితే క్వింటాల్‌కి దగ్గర పడుతుంది కాబట్టి చెక్క బల్ల వద్దనుకుని గోడవారగా బండరాయి అరుగు కట్టించాను.

ఈ గాజుపెట్టె ఆలోచన లండన్‌లో పుట్టింది. 1829 ప్రాంతంలో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు మూత బిగించిన సీసాలో ఫెర్న్ మొక్క దానంతట అదే పెరగడం గమనించాడు. అక్కణ్ణుంచి వచ్చిన గాజుపెట్టెలు ఓడల మీద మొక్కలను ఖండాలు దాటించాయి. చైనా తేయాకు మొక్కలు హిమాలయాల దాకా వచ్చింది వాటిలోనే. 1845లో ఇంగ్లండ్‌లో గాజు మీద పన్ను ఎత్తేశారు, గాజు చవకైంది. 1849లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 12 గ్యాలన్ల పాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, కొంచెం వాలిస్నేరియా వేసి చూశాడు. ఆకులు కుళ్ళి నీళ్ళు పాడవుతుంటే కొన్ని నత్తల్ని వదిలాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తిన్నాయి, నీళ్ళు తేటపడ్డాయి. మొక్క, చేప, నత్త ఒకదాన్నొకటి నిలబెడతాయని మరుసటి ఏడాది కెమికల్ సొసైటీ ముందు పత్రం చదివాడు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ చేరింది.

వారింగ్టన్ దగ్గర ఫిల్టర్ లేదు, లైటు లేదు, సిలిండర్ లేదు. నా జాబితాలో ఖరీదైన మూడు వరసలు ఆయనకు అసలు లేవు. అది చదివాక షీట్‌ని ఇంకోసారి చూసుకున్నాను.

మట్టి, గాలి

నా జాబితాను నిజంగా రాసింది తకాషి అమానో. జపాన్‌లో వృత్తి సైక్లిస్ట్‌గా పందేలు తొక్కి, ఆ తర్వాత ఫొటోగ్రాఫర్ అయిన మనిషి. 1982లో సొంత కంపెనీ పెట్టాడు. నీటి అడుగున అడవులు, కొండలు, పచ్చిక మైదానాలు పేర్చాడు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, పోషకాలు నింపిన గుళికల మట్టి, బలమైన లైటు ఈ అభిరుచిలో మామూలైపోవడంలో ఆయన పాత్ర పెద్దది. 2015లో చనిపోయే ముందు లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవు, లక్షా అరవై వేల లీటర్ల అడవి ఒకటి కట్టాడు. ఆ వీడియోలు చూసే నాకు ఈ పిచ్చి పట్టింది.

అయితే 1999లో డయానా వాల్‌స్టాడ్ అనే అమెరికన్ తన పుస్తకంలో వేరే దారి చెప్పింది. అడుగున అంగుళం, అంగుళంన్నర మామూలు మట్టి, పైన అంగుళం గులకరాళ్ళు లేదా ఇసుక. మట్టిలోని బ్యాక్టీరియా సేంద్రియ పదార్థాన్ని విడగొడుతుంటే కార్బన్ డయాక్సైడ్ దానంతట అదే వస్తుంది. సిలిండర్ అక్కర్లేదు. ఒకరకంగా అది వారింగ్టన్ దగ్గరికే తిరిగి వెళ్ళడం.

నాకు ఇంకో అనుకూలం దొరికింది. మా బోరునీళ్ళు గ్రానైట్ పగుళ్ళలోంచి వచ్చే కఠిన జలం. టీడీఎస్ మీటర్ ముంచి అంకె చూసి మొదట నీరసపడ్డాను. కానీ వాలిస్నేరియా, హైడ్రిల్లా లాంటివి కఠిన జలంలో ఉండే బైకార్బొనేట్ నుంచే కార్బన్ తీసుకోగలవు. అమానో మొక్కలకు పనికిరాని నీళ్ళు నాచుకు పనికొస్తాయి. సిలిండర్ వరస కొట్టేశాను.

ఇక మట్టి. దుకాణంలో సంచి మట్టి వేలల్లో ఉంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు, రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పూడిక తీసే పనిలో, ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నది ఏ మట్టి? ఏళ్ళ తరబడి ఆకు, పేడ, గుల్లలు కుళ్ళి దిగిన మెత్తటి నల్లమట్టి. కాకతీయుల కాలం నుంచీ, అంతకు ముందు నుంచీ చెరువు కింది రైతుకు పూడిక విలువ తెలుసు. నేను దానికి "సబ్‌స్ట్రేట్" అని పేరు పెట్టుకుని నెట్‌లో వెతుకుతున్నాను.

పేర్లు

మొక్కల వరస దగ్గర ఆగిపోయాను. దుకాణం చీటీల మీది లాటిన్ పేర్లు ఎవరు పెట్టారో వెతుకుతూ పోతే మళ్ళీ మళ్ళీ తెలుగు తీరమే ఎదురైంది.

మొదట యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా వచ్చి, తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆపైన ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. ఇవాళ మనం హైడ్రిల్లా వెర్టిసిల్లాటా అంటున్న మొక్కను, కోనిగ్ పంపిన నమూనాల ఆధారంగా, లిన్నేయస్ కొడుకు 1782లో వేరే ప్రజాతి పేరుతో ప్రచురించాడు. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు.

ఆయన స్థానంలో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడైనవాడు పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నం. రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే. 1803లో విశాఖపట్నంలో సేకరించిన రెండొందల చేపల బొమ్మలతో రెండు సంపుటాలు వేశాడు. జాలరుల నోట విన్న పేర్లను తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు. మన వాలుగ ఆయన స్పెల్లింగ్‌లోంచి నడిచి వెళ్ళి వల్లాగో అన్న శాస్త్రీయ నామం అయ్యింది. ప్రపంచంలో ఏ మ్యూజియంలో ఆ చేప సీసా ముందు నిలబడినా అక్కడ తెలుగు మాట ఉంటుంది.

మూడోవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి సామర్లకోటలో. అక్కడ తోట పెట్టాడు, మిరియం, చెరకు, నీలిమందు ప్రయోగాలు చేశాడు. 1787 మేలో వచ్చిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, కాగితాలు, సేకరణ కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు కానీ, 1795 నుంచి లండన్‌లో అచ్చయిన కోరమాండల్ మొక్కల గ్రంథం మూడు సంపుటాల్లో, మూడొందల ఫలకాల్లో సామర్లకోట శ్రమే ఎక్కువ. దాని రెండో సంపుటంలో మన నాచు ఉంది. లాటిన్ పేరు పక్కన "తెలింగ" పేరు ఇవ్వడం ఆయన పద్ధతి. ఆ బొమ్మలు వేసిన చేతుల పేర్లు మాత్రం పుస్తకంలో అచ్చు కాలేదు. దుకాణంలో కట్టలుగా అమ్మే హైగ్రోఫిలా పాలీస్పెర్మా కూడా రాక్స్‌బర్గ్ వర్ణించిందే.

ఇంత చదివాక నాకు కొంచెం గర్వం, కొంచెం కోపం వచ్చాయి. పేర్లు మన దగ్గర తీసుకున్నారు, మొక్కల్ని పరాయి సరుకుగా మనకే అమ్ముతున్నారు, మనం మన పేర్లు మరిచిపోయాం అన్న వాక్యం మనసులో తయారైంది. వ్యాసానికి పనికొచ్చే వాక్యం. దానికి రుజువు తెచ్చుకుందామని మా చెరువు తూము చూసే నీరటి తాత దగ్గరికి వెళ్ళాను. దుకాణం మొక్కను, గట్టు దగ్గర పీకిన ఇంకో మొక్కను చూపించి వీటి పేర్లేంటి తాతా అని అడిగాను.

"రెండూ నాచే బిడ్డా."

"వేరే వేరే పేర్లు లేవా?"

"ఇది బారెడాకుది, గది పొట్టాకుది. కాళ్ళకు తాకితె తెలుస్తది గద, మల్ల పేరెందుకు? నాచున్న కాడ నీళ్ళు తేటగుంటయ్. చాపలు గుడ్లు గండ్లనే వెడ్తయ్. ఎండకాలం నీళ్ళు దిగితె ముందుగాల గదే పోతది."

నా వాక్యం అక్కడే కూలింది. ఆయన మరిచిపోయింది ఏమీ లేదు. వారింగ్టన్ సొసైటీ ముందు చదివిన పత్రంలోని సారం ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. మరిచిపోయింది నేను. అసలు నేర్చుకోనేలేదు. పదో తరగతిలో గరాటు బోర్లించి, దానిపైన పరీక్షనాళిక పెట్టి, హైడ్రిల్లా నుంచి ఆక్సిజన్ బుడగలు వచ్చే ప్రయోగం మనమంతా చేశాం, లేదా చేసినట్టు రికార్డులో బొమ్మ వేశాం. ఆ హైడ్రిల్లా బడి వెనక చెరువులోదే. నాచు అన్న మాట రికార్డులో ఎక్కలేదు, హైడ్రిల్లా అన్న మాట చెరువు దాకా పోలేదు.

దారి

చరిత్రలో ఇంకో సగం ఉంది. 1950ల మొదట్లో ఒక అక్వేరియం వ్యాపారి హైడ్రిల్లాను శ్రీలంక నుంచి ఫ్లోరిడాకు తెప్పించాడు. ఎవరో మిగిలింది కాలవలో పారబోశారు. 1960కల్లా అక్కడి నదుల్లో, కాలవల్లో కనిపించింది. చిన్న ముక్క తెగినా మళ్ళీ మొలుస్తుంది, బురదలో గడ్డలు దాచుకుంటుంది. మన దగ్గర చేపలు గుడ్లు పెట్టే నాచు, అక్కడ పడవలు కదలనివ్వని పీడ అయింది. రాక్స్‌బర్గ్ వర్ణించిన హైగ్రోఫిలాది కూడా అదే కథ. అమెరికా ప్రభుత్వ నిషిద్ధ కలుపు జాబితాలో రెండూ ఉన్నాయి.

మనవైపూ చెల్లుకు చెల్లు జరిగింది. దక్షిణ అమెరికా గుర్రపుడెక్కను పువ్వు బాగుందని తెచ్చారు. హైదరాబాద్ చెరువుల మీద అది పరిచిన పచ్చదుప్పటి చూడని వాళ్ళు లేరు. అక్వేరియంలో గాజు శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప, పెద్దదయ్యాక జనం చెరువులో వదిలేయగా, తెలుగు రాష్ట్రాల్లో జాలరుల వలలు చించే దెయ్యం చేప అయింది. వదిలేసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చంపడానికి చేతులు రాక, దయతో వదిలారు.

వర్గల్‌లో ఇది దూరపు సంగతి కాదు. 2020 మేలో, మాకు దగ్గర్లోనే 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ ప్రారంభమైంది. గోదావరిని మేడిగడ్డ నుంచి మెట్టుమెట్టుగా ఎత్తి, సముద్రమట్టానికి ఆరొందల మీటర్లకు పైన నిలిపారు. వానమీద, వాగుమీద ఆధారపడిన ఊళ్ళకు కాలవ నీళ్ళు వచ్చాయి. నీళ్ళు కలిశాయంటే వాటిలో బతికేవీ కలుస్తాయి. ఒక ఊరి చెరువులో పారబోసింది ఇక ఆ ఒక్క ఊరిది కాదు.

మూడో గడి

షీట్ ఇప్పుడు పొట్టిగా ఉంది. గాజు ట్యాంక్, చిన్న స్పాంజ్ ఫిల్టర్, రోజుకు ఏడు గంటలు వెలిగే మామూలు ఎల్‌ఈడీ లైటు, కడిగిన ఇసుక. మట్టి చెరువు గట్టు నుంచి రెండు తట్టలు తెచ్చాను. కొంచెం వెనిగర్ పోసి చూశాను, నురగ రాలేదు కాబట్టి సున్నం భయం లేదు. పచ్చి మట్టి నేరుగా వేస్తే అమ్మోనియా వదిలి చేపల్ని చంపుతుంది. అందుకని టబ్బులో నానబెట్టి, నీళ్ళు వంపేసి, మళ్ళీ పోసి, కొన్ని వారాలు మాగబెట్టాలి. ట్యాంక్ నింపాక ఇంకో నెల దాకా చేపలు వేయకూడదు. చెరువు మొక్కల్ని లేత గులాబీరంగు పర్మాంగనేట్ నీళ్ళలో పది నిమిషాలు ముంచాలి, లేకపోతే జలగలు, తూనీగ పిల్లలు వెంట వస్తాయి.

మూడో వారంలో టబ్బు దగ్గరికి వెళితే బురదలోంచి సన్నని ఆకుపచ్చ కొమ్మ ఒకటి, కణుపు చుట్టూ చిన్న చిన్న ఆకులతో, బయటికొచ్చి ఉంది. నేను నాటింది కాదు. మట్టిలో దాగిన గడ్డ మొలిచింది. షీట్‌లో మొక్కల వరసలో "హైడ్రిల్లా" అని కొట్టి, చెరిపి, "పొట్టాకు నాచు" అని రాశాను. ధర గడిలో సున్నా.

"ఎందుకు" గడి కింద ఇప్పుడు ఇంకో గడి ఉంది: "చివరికి ఎక్కడికి". ప్రతి వరసకూ దానికి జవాబు ఉంటేనే కొంటున్నాను. కత్తిరించిన ఆకులు ఎండలో పూర్తిగా ఎండాక ఎరువు గుంతలోకి. చేపలు నేను పెంచగలిగినన్నే. మట్టి వంపిన నీళ్ళను అమ్మ మోరీలో పారబోయబోతే ఆపాను. వాన పడితే ఆ మోరీ చెరువులోకే పోతుంది.

"చెర్ల మన్నే గదరా, చెర్లకు పోతె ఏమైతది?" అంది.

ఆ టబ్బులో దుకాణం వాలిస్నేరియా కూడా నానుతోందని చెప్పాను. అమ్మ కాసేపు చూసి, బకెట్ పట్టుకుపోయి పెరట్లో మిరపచెట్లకు పోసింది.