మహిళలు, పిల్లలపై నేరస్థుల రిజిస్ట్రీ (ఆంధ్రప్రదేశ్)

మహిళలు, పిల్లలపై నేరాలకు పాల్పడినవారి వివరాలను ప్రజలందరికీ అందుబాటులో ఉంచేందుకు ఆంధ్రప్రదేశ్ దిశ బిల్లులో ప్రతిపాదించిన ఎలక్ట్రానిక్ పట్టిక ఇది. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య దీనికి నేపథ్యం. శాసనసభ 2019 డిసెంబరు 13న బిల్లును ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం లభించకపోవడంతో అది చట్టంగా అమలులోకి రాలేదు.

జాతీయ లైంగిక నేరస్థుల డేటాబేస్‌ను కేంద్ర హోంశాఖ 2018 సెప్టెంబరు 20న ప్రారంభించింది. జాతీయ నేర గణాంక సంస్థ నిర్వహించే ఇందులో అప్పటికే సుమారు 4.4 లక్షల నమోదులున్నాయి. పేరు, చిరునామా, ఫొటో, వేలిముద్రలు ఉండే ఈ వివరాలను పోలీసులు, దర్యాప్తు సంస్థలు మాత్రమే చూడగలవు. దిశ ప్రతిపాదనలోని అసలు కొత్తదనం ఆ తెరను తొలగించడమే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దిశ పోలీస్ స్టేషన్లు ఏర్పడినా, బహిరంగ రిజిస్ట్రీ మాత్రం రాలేదు. స్టేషన్లలో ఉండే రౌడీషీటు దీనికి సాటి కాదు: శిక్ష పడకున్నా పోలీసు అధికారి దాన్ని తెరవవచ్చు, అది ప్రజలకు కనిపించదు. ఈ-కోర్ట్స్ పోర్టల్‌లో కక్షిదారు పేరుతో జిల్లా కోర్టుల కేసులు వెతకవచ్చుగాని, అది కేసుల చిట్టా, నేరస్థుల జాబితా కాదు.

అమెరికాలో 1996 నాటి మేగన్ చట్టం ఇలాంటి సమాచారాన్ని ప్రజలకు తెలపడాన్ని రాష్ట్రాలకు తప్పనిసరి చేసింది. బహిరంగ జాబితాలో అతి సున్నితమైన అంశం బాధితుల గోప్యత. నేరస్థుడు కుటుంబసభ్యుడైతే అతని పేరు, ఊరే బాధితురాలిని పట్టిస్తాయి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును వెల్లడించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ప్రకారం నేరం.