లేని కాలు నొప్పి పెడుతుంది: అవయవం తొలగించిన పిల్లల్లో నరాల నొప్పిని ముందే అడ్డుకోవచ్చా?

"అమ్మీ, కాలి బొటనవేలు మండుతోంది" అని పిల్లాడు ఏడుస్తాడు. అమ్మ చూస్తే అక్కడ వేలు లేదు, పాదం లేదు. మోకాలి కింద కట్టు మాత్రమే ఉంది. భయపడ్డాడని ఒకరు, కల వచ్చిందని ఒకరు, నజర్ తగిలిందని ఇంకొకరు అంటారు. వాడికి మాత్రం ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. దీన్ని వైద్యులు ఫాంటమ్ పెయిన్ అంటారు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులను చూసిన డాక్టర్ వీర్ మిచెల్ 1871లో ఇలా లేని అవయవం ఉన్నట్టు అనిపించడానికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టారు.

పిల్లల్లో కాలో చెయ్యో తీసేయాల్సి రావడానికి ముఖ్య కారణాలు రోడ్డు ప్రమాదాలు, కరెంటు షాక్ వల్ల కాలిన గాయాలు, ఎముక క్యాన్సర్. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ టీనేజీలో మోకాలి దగ్గర ఎక్కువగా వస్తుంది. గాలిపటం కోసం ఇనుప రాడ్డుతో హైటెన్షన్ తీగల దాకా వెళ్లే పిల్లల సంగతి మన ఊళ్లలో తెలిసిందే. పుట్టుకతోనే చెయ్యి లేని పిల్లల్లో ఈ నొప్పి తక్కువ. ఆపరేషన్‌కు ముందు నుంచే తీవ్రమైన నొప్పి ఉన్నవారిలో తర్వాత కూడా నిలిచిపోయే అవకాశం ఎక్కువ.

ఇక్కడ నరం అంటే రక్తనాళం కాదు, మెదడుకు కబురు మోసే తీగ. దాన్ని కోస్తే ఊరికే ఉండదు, తెగిన చివర నుంచి మళ్లీ మొలకెత్తుతుంది. చేరడానికి చోటు దొరక్క ఆ మొలకలు చిక్కుపడి గడ్డ కడతాయి. అదే న్యూరోమా. దాని మీద కృత్రిమ కాలు ఒత్తుకుంటే షాక్ కొట్టినట్టుంటుంది. ఇది మిగిలిన భాగంలో వచ్చే నొప్పి. ఫాంటమ్ పెయిన్‌లో మెదడు, వెన్నుపాము కూడా పాలుపంచుకుంటాయి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

అందుకే నివారణ ఆపరేషన్ థియేటర్‌లోనే, వీలైతే అంతకంటే ముందే మొదలవ్వాలి. వ్యవధి ఉంటే ముందే నొప్పిని అదుపులోకి తెస్తారు. నరం దగ్గర సన్నని గొట్టం పెట్టి కొన్ని రోజులు మత్తుమందు ఇస్తారు. ఇది ఆపరేషన్ తర్వాతి నొప్పిని బాగా తగ్గిస్తుంది. ఏళ్ల తర్వాత వచ్చే ఫాంటమ్ నొప్పిని ఆపుతుందా అన్నదానిపై మాత్రం పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు.

అసలు మార్పు తెచ్చింది తెగిన నరానికి పని కల్పించాలన్న ఆలోచన. షికాగోలో మొదలైన టీఎంఆర్ పద్ధతిలో నరం చివరను దగ్గర్లోని కండరానికి వెళ్లే చిన్న నరానికి కలిపి కుడతారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌పీఎన్‌ఐలో చిన్న కండరం ముక్కను నరం చివరకు చుట్టేస్తారు. మిషిగన్ వైద్యులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఈ చికిత్స పొందిన 45 మందిలో ఒక్కరికీ బాధించే న్యూరోమా రాలేదు. పొందని 45 మందిలో 6 మందికి వచ్చింది. ఫాంటమ్ నొప్పి మొదటివారిలో 51 శాతం, రెండోవారిలో 91 శాతం. అంటే సగానికి సగం మందికి నొప్పి ఉండనే ఉంది, ఇది మంత్రదండం కాదు. పైగా ఆ అధ్యయనం పిల్లల కోసం చేసింది కాదు, పిల్లల మీద సమాచారం ఇంకా తక్కువే. ఈ సౌకర్యం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. "నరాల చివరలను ఏం చేస్తారు, ప్లాస్టిక్ సర్జన్ ఉంటారా?" అని సంతకం పెట్టే ముందే అడగాలి. అడగడం తప్పేమీ కాదు. కనీసం నరాన్ని మచ్చకూ, బరువు పడే చోటుకూ దూరంగా లోపలి కండరంలో దాచినా మేలే.

పిల్లల విషయంలో పెద్దలకు లేని చిక్కు ఒకటి ఉంది. వాళ్లు ఎదుగుతారు. ఎముకను మధ్యలో కోస్తే దాని చివర మళ్లీ పెరిగి, మొనదేలి చర్మాన్ని పొడుస్తుంది. అందుకే వీలైనచోట సర్జన్లు కీలు దగ్గర విడదీస్తారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ నొప్పి మొదలైతే నరమే అనుకోకుండా ఎక్స్‌రే తీయించాలి. కృత్రిమ కాలు బిగుతైనా అంతే, ఎదిగే పిల్లలకు దాన్ని తరచూ మార్చాల్సిందే.

ఇంటికొచ్చాక పుండు మానగానే, డాక్టర్ చెప్పినప్పటి నుంచి, ఆ భాగాన్ని మెత్తటి గుడ్డతో, తర్వాత కాస్త గరుకు గుడ్డతో రోజూ మెల్లగా రుద్దితే చర్మం స్పర్శకు అలవాటు పడుతుంది. అద్దం చికిత్స కూడా ఉంది. 1990లలో మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ దీన్ని ముందుకు తెచ్చారు. బాగున్న కాలిని అద్దంలో చూస్తూ కదిలిస్తే, లేని కాలు కదులుతున్నట్టు మెదడుకు అనిపిస్తుంది. అందరికీ పనిచేయదు గానీ ఖర్చు లేదు, పిల్లలకు ఆటలా ఉంటుంది. గాబాపెంటిన్ లాంటి మందుల మోతాదు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. పెద్దల మాత్ర సగం విరిచి ఇవ్వడం ప్రమాదం.

తీసేసిన అవయవాన్ని ఖననం చేయడం మన ఇళ్లల్లో ఆనవాయితీ. అది మట్టిలో ఏ దిక్కుకు ఉంది, ఎలా మడిచి ఉంది అన్నదానికీ ఈ నొప్పికీ సంబంధం లేదు. దువా చేయించుకోండి, దాంతోపాటు పిల్లాడు చెప్పేది రాసి పెట్టండి: ఎప్పుడు వచ్చింది, మంటా, పోటా, షాకా, రాత్రి నిద్ర లేచాడా అని. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించండి.