'ఐ.పి. పెట్టడం': దివాలా చట్టం – తెలుగు నుడికారం

తెలుగు వ్యవహారంలోని 'ఐ.పి. పెట్టడం' అనే నుడికారం 'ఇన్సాల్వెన్సీ పిటిషన్' అన్న న్యాయస్థాన పదబంధం నుండి ఏర్పడింది. మద్రాసు నగరానికి 1909 నాటి చట్టం వర్తించగా, ఉదయగిరి, ఆత్మకూరు వంటి నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్ట తాలూకాలు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్ట పరిధిలోకి వచ్చాయి.

తీర్చలేని అప్పులు 500 రూపాయలకు తగ్గని రుణగ్రస్తుడు ఈ చట్టం కింద అర్జీ పెట్టుకోవచ్చు. అయితే అర్జీకి ముందటి నడవడిని కూడా చట్టం పరిశీలిస్తుంది. చెల్లింపులు నిలిపివేస్తున్నానని అప్పులవారికి తెలియజేయడం కూడా ఒక దివాలా చర్య. దాని ఆధారంగా వారే అర్జీ వేయవచ్చు. అర్జీకి ముందు మూడు నెలల్లో ఒక్క రుణదాతకే మేలు చేయాలన్న ఉద్దేశంతో జరిపిన చెల్లింపు చెల్లదు. రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా బంధువులకు రాసిచ్చిన ఆస్తి బదిలీని రద్దు చేయించవచ్చు. మిగిలిన ఆస్తి రిసీవరు ద్వారా అప్పులవారందరికీ దామాషా ప్రకారం చేరుతుంది.

ఇక్కడే చట్టనీతికీ లోకనీతికీ వైరుధ్యం ఏర్పడుతుంది. ఆపదలో ఆదుకున్నవాని బాకీ ముందుగా తీర్చడం లోకదృష్టిలో కృతజ్ఞత. చట్టదృష్టిలో అది తక్కిన రుణదాతలకు జరిగిన అన్యాయం.

'దివాలా తీయడం' ప్రధానంగా ఒక దుస్థితిని సూచిస్తుంది. 'ఐ.పి. పెట్టడం' మాత్రం 'టోపీ పెట్టడం'లోని క్రియతోనే ఏర్పడి, ఉద్దేశపూర్వక వంచనను ధ్వనిస్తుంది. న్యాయస్థానం ప్రసాదించే రుణవిముక్తికి సమానమైన నుడికారం వాడుకలో స్థిరపడలేదు. ఈ విధంగా చట్టం ఉభయపక్షాలకూ ఉద్దేశించిన రక్షణలో అప్పులవారి ఆక్రోశాన్ని మాత్రమే భాష నిలుపుకొన్నది.