ఆ కోపం ఎవరిది?

తలుపు దడేల్మంది. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. సాంబశివరావు గొంతు లేచింది. ఎదురుగా వెంకటసుబ్బమ్మ తల వంచుకుని నిలబడింది. ఆ కేకలెందుకో పిల్లవాడికి అంతుబట్టలేదు. కడుపులో ఏదో మెలిపెడుతోంది, నోరు ఎండుకుపోయింది, ఏడుపు గొంతుదాకా వచ్చింది, పైకి ఏడిస్తే ఆ అరుపు తన మీదికి తిరుగుతుందని మాత్రం తెలుసు. పెదవి కొరుక్కున్నాడు. ఏడుపు లోపలికి పోయింది. పోయి ఎక్కడ నక్కిందో చాలా ఏళ్ళదాకా ఎవరికీ తెలియలేదు.

1894 మే 18న మద్రాసులో పుట్టిన ఆ పిల్లవాడే రచయిత చలం. తాత గుడిపాటి వెంకటరామయ్య దత్తత తీసుకున్నారు. ఇంటిపేరు మారింది. నాన్న అమ్మని పెట్టిన బాధ మాత్రం కళ్ళముందు నుంచి కదల్లేదు.

పెరిగింది గుంటూరు సీమలో, తెనాలిలో. ఆ కాలపు బళ్ళలో అయ్యవారి చేతిలో బెత్తం, కాదంటే చింతబరికె. లెక్క తప్పితే తొడపాశం. మాట వినకపోతే గోడకుర్చీ. మరీ కోపమొస్తే కోదండం: దూలానికి తాడు కట్టి, పిల్లవాడి చేతులకది పట్టించి, కాళ్ళు నేలకి అందకుండా వేలాడదీయడం. అరచేతులు ఒరుసుకుపోతున్నా తాడు వదలడానికి లేదు. చూస్తున్న పిల్లలు కిక్కురుమనేవాళ్ళు కాదు. భయపడితే బుద్ధొస్తుందని ఊరంతా నమ్మిన రోజులు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1907 జనవరి 6న, రోమ్ నగరంలో కూలినాలి జనం ఉండే పేటలో మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచింది. అక్కడ బెత్తం లేదు. చలానికప్పుడు పన్నెండేళ్ళు. ఆవిడ మద్రాసు అడయారులో అడుగుపెట్టేసరికి 1939 వచ్చేసింది. అప్పటిదాకా తెలుగు పిల్లల తరఫున నోరు విప్పేదెవరు?

1911లో పిఠాపురం రాజావారి కాలేజీ. కాకినాడలో సంఘసంస్కర్త రఘుపతి వేంకటరత్నం నాయుడు, బ్రహ్మసమాజం పరిచయమయ్యాయి. చలం జంధ్యం తీసి పారేశాడు. మద్రాసులో బి.ఏ. చదువుతూ భార్య రంగనాయకమ్మని సైకిలెక్కించుకుని బడికి తీసుకెళ్ళాడు. జనం నోళ్ళు నొక్కుకున్నారు. తర్వాత టీచరయ్యాడు, ఆ తర్వాత స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. బెత్తం పట్టిన చేతిని తనిఖీ చేసే అధికారం ఇప్పుడు తన చేతికొచ్చింది.

ఇన్‌స్పెక్టరొస్తున్నాడంటే పల్లె బడికి ముందురోజే జ్వరమొచ్చేది. పేడతో అలుకు, మామిడాకుల తోరణం, ఉతికిన చొక్కాలు. పద్యం తప్పితే తోలు తీస్తానని అయ్యవారి హెచ్చరిక. తెల్లారి గుమ్మంలో అధికారి నీడ పడేసరికి ముందు వరసలో పిల్లవాడికి నాలుక పిడచగట్టుకుపోయేది, రాత్రంతా వల్లెవేసిన పద్యం ఎగిరిపోయేది, వాడి కళ్ళు అధికారి మీద కాక పక్కనున్న అయ్యవారి చేతి మీదే ఉండేవి. ఆ చూపేంటో చలానికి ఒకరు చెప్పాలా? అదే ఎండిన నోరు. అదే మింగేసిన ఏడుపు.

వాడి భయం అయ్యవారి కోపంలోంచి వచ్చింది. మరి అయ్యవారి కోపం? పైఅధికారి భయంలోంచి. ఈ గొలుసు ఎక్కడ తెంపాలి?

‘బిడ్డల శిక్షణ’ రాశాడు చలం. పిల్లల్ని దారిలో పెట్టే చిట్కాలుంటాయని తెరిచిన అమ్మానాన్నల వైపే తిరిగిందా పుస్తకం. కొట్టొద్దు. బూచాడని బెదరగొట్టొద్దు. అబద్ధాలతో మభ్యపెట్టొద్దు. పిల్లలు మీ సొత్తు కారు. ‘మైదానం’ లాంటి నవల రాసినవాడు పిల్లల పెంపకం గురించి చెప్పడమేంటని లోకం మండిపడింది. ఆ మంటలో అసలు మాట మరుగున పడిపోయింది.

అది మరుగున పడాల్సిన మాట కాదు. కోపానికి కళ్ళెం వేసే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవయ్యేళ్ళు దాటుతుంది. అందాకా పిల్లవాడికి పక్కనున్న పెద్దవాళ్ళ నెమ్మదే ఆసరా. వాళ్ళే రంకెలేస్తే వాడు దేన్ని పట్టుకోవాలి? ‘నీకు కోపమొచ్చింది కదూ’, ‘భయమేసిందా’ అని ఎవరో ఒకరు పేరు పెట్టి చెప్పందే లోపల మెలిపెడుతున్నదేంటో వాడికి తెలియదు.

చలం 1979 మే 4న అరుణాచలంలో పోయాడు. బళ్ళో పిల్లల్ని కొట్టకూడదని, మనసు నొప్పించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్పింది 2009లో. అమలు 2010 ఏప్రిల్ 1 నుంచి. ఆ సెక్షన్ బడి గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇళ్ళల్లో, చేలల్లో పరిస్థితేంటి?

మాఘమాసపు ఎండలో గుంటూరు పడమటి చేలల్లో ఎక్కడాగినా ఎదురయ్యేదే ఇది. కర్నూలు వైపు నుంచి మిరప కోతకొచ్చిన కుటుంబాలు, గట్టు మీద డేరాలు, తల్లుల వెంట బడి మానేసి వచ్చిన పిల్లలు. కోసిన తూకాన్ని బట్టి కూలి. గాలి వీస్తే దగ్గు. నాలుగేళ్ళ బుడ్డోడు పండుకాయ చిదిమి, అదే చేత్తో చెంప రుద్దుకున్నాడు. గుక్కపట్టాడు. కాళ్ళు తపతపా కొట్టుకున్నాడు. అవతలి సాలు నుంచి మేస్త్రి కేక. తల్లి చెయ్యి పైకి లేచింది.

లేచిన చెయ్యి ఆగింది.

కూర్చుని వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. ‘‘ఏం నాయనా, మండుతాందా? కోపమొచ్చిందా?’’ కొంగుముడిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. మిరప మంట నీళ్ళతో పోదు. ఆ ఘాటు నూనెలోనే కరుగుతుంది. కోతకొచ్చే ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేని సంగతి. వేళ్ళకి రాసింది, చెంపకి రాసింది. వాడింకా వెక్కుతున్నాడు. ఏడవొద్దనలేదు. మేస్త్రి రెండోసారి అరిచాడు. ఈసారి ఆమె గొంతే సాళ్ళు దాటింది.

‘‘బిడ్డ ఏడుస్తాండాడు మేస్త్రీ! ఊరుకున్నంక వస్తా!’’