ధ్రువరాత్రిలో బెల్జికా నావికులు

ఏకాంతవాసమనగానే మనకు ముందుగా తపస్వులు జ్ఞప్తికి వత్తురు. కాని తాను కోరి గుహ చేరినవాని స్థితి వేరు. అతడు తన నియమమును తానే యేర్పరచుకొనును. విసుగు పుట్టినచో లేచి వచ్చుటకును అతనికి దారి కలదు. కోరకయే చలిలోను చీకటిలోను చిక్కుకొని, విముక్తి యెన్నడో తెలియక, అవే ముఖములను, అవే మాటలను, అదే కూటిని నెలల తరబడి సహింపవలసినవాని స్థితి వేరు. అట్టివానికి శరీరము ముందు చెడునా, మనస్సు ముందు చెడునా? ఈ ప్రశ్నమును గూర్చి ఊహలు చేయుటకంటె, 1898వ సంవత్సరమున దక్షిణధ్రువ ప్రాంతపు మంచులో చిక్కిన యొక చిన్న యోడ వృత్తాంతమును పరిశీలించుట మేలని నాకు తోచుచున్నది.

ఆ యోడ పేరు బెల్జికా. అది మొదట నార్వే దేశీయులు తిమింగలముల వేటకై వాడుకొనిన కొయ్యయోడ. బెల్జియము దేశపు నౌకాధికారి యగు ఆడ్రియన్ డి జెర్లాష్ దానిని కొని, బాగుచేయించి, 1897 ఆగష్టు నెలలో ఆంట్వర్ప్ రేవునుండి బయలుదేరెను. అతనికి అప్పటికి ముప్పదియొక్క యేండ్లు. అతనితో పోయినవారు ఒక్క జాతివారు కారు. బెల్జియనులు, నార్వేవారు, పోలండువారు, రుమేనియా దేశపు జీవశాస్త్రజ్ఞుడగు రకోవిట్సా, అమెరికా వైద్యుడగు ఫ్రెడరిక్ కుక్ అందుండిరి. పిమ్మట లోకప్రసిద్ధుడైన రోఅల్డ్ అముండ్సెన్ అప్పుడు అందొక చిన్న యధికారి.

1898 మార్చి మొదటి దినములకు మంచు ఓడను నలువైపుల బిగించెను. నాయకుడు కావలెననియే ఓడను మంచులోనికి నడపెనని కొందరు తరువాత అనుమానించిరి. శాస్త్రజ్ఞులకు అచ్చట శీతకాలము గడపుట యిష్టము లేకుండెను. అందరికిని చాలినన్ని చలిబట్టలు సయితము లేవు. అంతకుముందే జనవరిలో ఒక యువనావికుడు సముద్రమున పడి మరణించెను. మిగిలినవారు పదునెనమండుగురు. మే 17వ తేదీని సూర్యుడు అస్తమించి, జులై మూడవ వారము దాటువరకు మరల కానరాలేదు. దక్షిణధ్రువవృత్తములోపల ఒక శీతకాలమంతయు గడపిన మొదటి మానవులు వీరే.

చీకటి వచ్చిన కొలది దినములకే మార్పు కనబడెను. ముఖములు పాలిపోయెను. కాళ్లు వాచెను. నాలుగడుగులు వేసిన గుండె దడదడ కొట్టుకొనెను. మాట్లాడుచున్నవారు నడుమ మాట మరచుచుండిరి. భోజనపు బల్లకడ పరిహాసములు తగ్గి, తరువాత సంభాషణమే తగ్గెను. జూన్ 5వ తేదీని గుండెజబ్బుతో డాంకో యను అధికారి మరణించెను. మంచులో రంధ్రము చేసి శవమును సముద్రమున విడిచిరి. అటుపిమ్మట ప్రతివాడును తన వంతు ఎప్పుడని యెదురుచూచినవాడే. నావికులకు ముద్దుగా నుండిన పిల్లికి నాన్సెన్ అని పేరు పెట్టుకొనిరి. అదియు మొదట ముడుచుకొని కూర్చుండి, పలుకరించినవారిపై గుఱ్ఱుమనుచు, కడకు చచ్చెను.

ఇచ్చట వైద్యుడగు కుక్కు బుద్ధి మెచ్చుకొనదగినది. ఆ దినములలో స్కర్వీ యను రోగమునకు కారణ మెవరికిని సరిగా తెలియదు. డబ్బీలలో నిలువచేసిన మాంసము చెడి విషమగుటచే రోగము పుట్టునని పెద్ద పండితులే నమ్ముచుండిరి. సి విటమిన్ అను పదార్థమును వేరుచేసి గుర్తించుటకు 1928 మొదలు 1932 వరకు పట్టెను. కుక్కునకు సిద్ధాంతము తెలియదు గాని చూచినది తెలియును. అతడు 1891-92లో పియరీతో కూడ ఉత్తర గ్రీన్లాండున నుండి, అచ్చటి ఎస్కిమోలు క్రొత్తమాంసమును, అందును పచ్చిదానిని తినుచు, కూరగాయ లెరుగకయే రోగములేక యుండుట గమనించెను. కాబట్టి పెంగ్విన్ పక్షులను, సీలు జంతువులను వేటాడి, వాని మాంసమును కొంచెము మాత్రమే వేచి తినవలెనని పట్టుబట్టెను.

రుచి మాత్రము ఘోరము. నాయకునకు ఆ మాంసమన్న ఎంత యసహ్యమనిన, తాను తినకపోవుటయే గాక ఇతరులను గూడ తిననీయలేదని అముండ్సెన్ 1927లో ప్రకటించిన తన స్వీయచరిత్రమున వ్రాసెను. అందు కొంత అతిశయోక్తి యుండవచ్చును. కాని మాట పూర్తిగా అబద్ధము కాదు. ఆచారమును అభిమానమును ఆకలికంటె బలమైనవని, అవి తూర్పుదేశములవారి సొత్తు మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది. చదువుకొనిన యైరోపా నాయకుడు, పండ్లచిగుళ్లు నెత్తురు కారుచుండగా, ఎదుట మందు పెట్టుకొని దానిని ముట్టననెను. తుదకు అతడును, కప్తాను లెక్వాంత్ అనునతడును మంచమెక్కి మరణశాసనములు వ్రాసికొనిరి. అప్పుడు గాని పట్టుదల సడలలేదు. లెక్వాంత్ ఆ మాంసమును తిననారంభించిన కొలది దినములకే లేచి తిరుగసాగెను. నాయకుడు తినుట చూచిన పిమ్మట మిగిలినవారికి మాటయే లేదు.

ఆహార మొక్కటియే చాలదని కుక్కునకు తోచెను. సూర్యరశ్మి లేనిచోట మొక్క వాడునట్లే మనుష్యుడును వాడునని అతని యూహ. సూర్యుని తీసికొని రాలేడు గదా! కాబట్టి రోగులను బట్టలు విప్పించి, మండుచున్న పొయ్యి యెదుట గంటసేపు నిలువబెట్టి, ఆ వేడిమిని వెలుతురును వారి మేనులకు తగులనిచ్చెను. ఇది చూచి నవ్వినవారును గలరు. పొయ్యి వెలుతురు సూర్యరశ్మితో సమానము కాదు. దానివలన కలిగిన మేలులో వేడిమికెంత, వైద్యుడు ప్రక్కన నిలిచి ధైర్యము చెప్పుటకెంత యని విడదీసి చెప్పుట కష్టము. అయినను శీతకాలపు చీకటివలన పుట్టు మనోవ్యాకులతను 1984లో అమెరికా వైద్యులు ప్రత్యేక రోగముగా వర్ణించి, ప్రకాశవంతమైన దీపకాంతితో చికిత్స చేయనారంభించిరి. కుక్కు ఊహ వారికంటె ఎనుబదియారేండ్లు ముందున్నది. బాలింతను గాలి వెలుతురులు సోకని గదిలో మూసియుంచు ఆచారము మన యిండ్లలో ఎంతకాలము సాగినదో తలచుకొనినచో, ఆ పొయ్యి చికిత్సను చూచి నవ్వుటకు మనకు నోరు రాదు.

వ్యాయామమునకై రోజును ఓడచుట్టు మంచుపై నడువవలెనని కట్టడి చేసిరి. నావికులు ఆ దారికి పిచ్చాసుపత్రి విహారమని పేరు పెట్టుకొనిరి. పరిహాసమాడగలిగినంతకాలము మనస్సు కొంత నిలిచియున్నదనియే భావింపవలెను. రకోవిట్సా అందరి వికృతచిత్రములను వ్రాసి నవ్వించుచుండెను. పత్రికలలోని స్త్రీల బొమ్మలను పరచి, సుందరి యెవరని వోట్లు వేసి తీర్పు చెప్పుకొనిరి. అన్నిటికంటె గొప్ప యౌషధము మాత్రము శాస్త్రజ్ఞుల పనియని నా యభిప్రాయము. అర్క్టోవ్‌స్కీ, దోబ్రోవోల్‌స్కీ యనువారు గంటగంటకును గాలిని, వేడిమిని, వాయుభారమును కొలిచి వ్రాసికొనిరి. దక్షిణధ్రువ ప్రాంతమునుండి ఒక సంవత్సరమంతయు వరుసగా లభించిన మొదటి లెక్కలు అవియే. గంట కొట్టగానే లేవవలసిన పని యున్నవానికి చీకటి యంత పొడవుగా తోచదు.

సూర్యుడు వచ్చినను ఓడ కదలలేదు. రెండవ శీతకాలము అచ్చటనే గడపవలసి వచ్చునను భయము 1899 జనవరిలో అందరిని ఆవరించెను. అర మైలునకు లోపుననే నీరు కనబడుచుండెను. అచ్చటిదాక మంచును కోసి కాలువ త్రవ్వుదమని కుక్కు చెప్పెను. రంపములతోను పేలుడు మందుతోను అధికారులు, శాస్త్రజ్ఞులు, వంటవాడు భేదములేక నెల దినములు పాటుపడిరి. పేలుడు మందు చలికి సరిగా పనిచేయలేదు, రంపములే పనిచేసెను. ఫిబ్రవరి నడుమ ఓడ కదలెను. మార్చి 14వ తేదీని మంచు వెలుపలికి వచ్చెను. ఒక నావికునికి మాత్రము మతి చలించెను. స్వదేశము చేరిన తరువాతను అతనిని ఇతరుల సంరక్షణలో నుంచవలసివచ్చెను.

బెల్జికాకు ముందే నాన్సెన్ తన ఫ్రామ్ ఓడను 1893 మొదలు 1896 వరకు ఉత్తరపు మంచులో నిలిపి, పదుమువ్వురిలో ఒక్కనికిని స్కర్వీ రాకుండ చూచెను. గాలిమరచే విద్యుద్దీపమును వెలిగించెను. మంచి పుస్తకములు, వ్రాతపత్రిక, సమృద్ధియగు భోజనము అన్నియు నుండెను. అయినను రోగులు లేక పని దొరకని వైద్యుడే మార్ఫియాకు అలవాటుపడెను. నాన్సెనును యోహాన్సెనును ఓడ విడిచి, 1895-96 శీతకాలము ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపములలో రాతిగుడిసెలో ఎలుగుబంటి మాంసముతో గడపి, బరువు పెరిగి వచ్చిరి. ఒక్క సంచిలో పండుకొనుచు నెలలు గడపిన యా యిద్దరు, 1895 డిసెంబరు 31వ రాత్రి గాని మీరనుట మాని నీవనుకొనలేదట! మర్యాదయే వారి నడుమ కలహము రాకుండ కాపాడెనని కొందరందురు. నేనును అట్లే తలంతును.

అముండ్సెన్ ఈ పాఠములను మరువలేదు. 1911లో తన యెనమండుగురు సహచరులతో దక్షిణపు మంచుపై శీతకాలము గడపినప్పుడు సీలు మాంసమును నిత్యాహారము చేసెను. మంచులోపల పనిగదులు త్రవ్వించెను. ఆవిరిస్నానమునకు ఏర్పాటు చేసెను. ప్రతి ఉదయమున వెలుపలి చలి యెన్ని డిగ్రీలో ఊహించి చెప్పుమని పందెము పెట్టెను. దానివలన ప్రతివాడును లేవగానే వెలుపలికి పోయి గాలి పీల్చుచుండెను. కాని అవమానమునకు మందు అతనికడను లేదు. తన యాజ్ఞను అందరియెదుట ఖండించెనని యోహాన్సెనును ధ్రువయాత్రనుండి తొలగించెను. రాతిగుడిసెను జయించిన యా వీరుడు 1913 జనవరిలో ఆత్మహత్య చేసికొనెను.

కుక్కు కథ మరియొక విధముగా సాగెను. 1908లోనే ఉత్తరధ్రువమును చేరితినని ప్రకటించుకొని, రుజువు చూపలేక లోకముచే అబద్ధీకుడనిపించుకొనెను. నూనెభూముల వ్యాపారమున మోసము చేసినాడని 1923లో శిక్షపడి, లెవెన్‌వర్త్ చెరసాలకు పోయెను. అచ్చట ఖైదీల పత్రికకు సంపాదకత్వము చేయుచు, చెరసాల యాసుపత్రిలో పనిచేయుచు దినములు గడపెను. 1926లో అముండ్సెన్ అచ్చటికి పోయి అతనిని చూచెను. పెద్దమనుష్యు లనేకులు వలదన్నను పోయెనట. మంచులో తన ప్రాణములను నిలిపినవాడు కుక్కేయని అతడు చెప్పుటకు వెనుదీయలేదు.