బండలాగుడు నుండి స్టాక్ కారు పందెము దాక

గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు సీమలలో బండలాగుడు పోటీలను మనమందఱము ఎఱుగుదుము. ఒకప్పుడు మడి దున్నిన ఎద్దులే పందెమునకు వచ్చెడివి. పిదప పందెమునకే పెంచు జతలు వచ్చినవి.

అమెరికాలో స్టాక్ కారు పందెముల కథయు నిట్టిదే. మద్యనిషేధ కాలమున దొంగసారా మోసిన మామూలు మోటారులు వానికి మూలము. 1948లో బిల్ ఫ్రాన్స్ నాస్కార్ సంస్థను స్థాపించెను. పోనుపోను పందెమునకే కట్టిన కార్లు వచ్చినవి.

అందు దిగిన తొలి భారతీయుడు కోయంబత్తూరు వాసి నారాయణ్ కార్తికేయన్. 2005లో జోర్డాన్ జట్టు పక్షమున ఫార్ములా వన్‌లో పోటీచేసిన తొలి భారతీయుడును ఇతడే. ఆ యేట ఇండియానాపొలిస్‌లో నాలుగవవాడయ్యెను. అయితే టైర్ల భయముచే తక్కినవారు విరమింపగా నాడు పరుగిడినవి ఆరు కార్లే. తరువాతి యైదేండ్లు అతనికి అందు పందెపు స్థానము దొరకలేదు.

2010 మార్చిలో, ముప్పదిమూడేండ్ల ప్రాయమున, మార్టిన్స్‌విల్‌లో నాస్కార్ ట్రక్కుల పందెమున దిగి 13వ స్థానము పొందెను. ఆ యేడు గెలుపు లేదు. కాని అభిమానుల ఓట్లతో ఆ తరగతిలో అత్యంత జనాదరణ గల డ్రైవరుగా ఎన్నికయ్యెను. ఐనను అచట నిలువక 2011లో ఫార్ములా వన్‌కు మరలెను.

ఎద్దులకు మేత పెట్టు కామందు, కారునకు ధనమిచ్చు పోషకుడు లేనిదే పందెము లేదు. తోలువాని నేర్పు, జనుల మెప్పు రెండును కలిసినను మఱుసటి యేటికి హామీ కాదని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.